అడవికి వెళ్లినవాళ్లకు ఏం దొరికింది?

'ఈ గోలంతా వదిలేసి ఎక్కడికైనా అడవిలోకి వెళ్లిపోతే బాగుణ్ను!'... ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడో, నెలాఖరు లెక్కలు తేలనప్పుడో, ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడో ఇలా అనుకోనివాళ్లుండరు. మనం అనుకుని ఊరుకుంటాం. మహా అయితే రెండ్రోజులు అరకో మారేడుమిల్లో వెళ్లొస్తాం. కొన్ని నవలల్లో మనుషులు మాత్రం నిజంగానే ఊరు దాటి వెళ్లిపోయారు. ఒకరు దీవికి, ఒకరు మైదానానికి, ఇద్దరు అడవికి. జనం లేని చోట వాళ్లకు తమ అసలు రూపం కనిపించింది. కానీ అది వాళ్లు అనుకున్న రూపం కాదు!

ఒక్క రోజులో మనం ఎన్ని వేషాలు వేస్తామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఆఫీసులో బాసు ముందు ఒకటి, కింది ఉద్యోగి ముందు మరొకటి. పుట్టింట్లో ఒకటి, అత్తింట్లో ఇంకొకటి. పెళ్లిలో కనిపించిన చుట్టాల ముందు మరీ ప్రత్యేకమైనది. వీటిలో అసలు నేను ఎవరు అన్న అనుమానం ఏదో ఓ రాత్రి అందరికీ వస్తుంది. దానికి మన పెద్దలు చెప్పిన పాత మందు అడవి. బాధ్యతలు తీరాక వానప్రస్థం అన్నారు. మునులను అడవుల్లోనే కూర్చోబెట్టారు. రాముడికి పద్నాలుగేళ్లు, పాండవులకు పన్నెండేళ్లు అక్కడే గడిచాయి.

అయితే ఇక్కడో సంగతి గమనించాలి. రాముడైనా, పాండవులైనా అడవికి వెళ్లింది తమను తాము వెతుక్కోవడానికి కాదు. వెళ్లాల్సివచ్చి వెళ్లారు. ఆధునిక నవలల్లోనూ చాలావరకు అంతే. ఓడ మునిగి ఒకడు, ఉద్యోగం కోసం ఒకడు, తప్పిపోయిన పంది కోసం మరొకడు! కోరి వెళ్లింది ఒక్క రాజేశ్వరే. ఆ నలుగురి కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే మన 'వెళ్లిపోవాలి' అన్న కోరిక గురించి చాలా సంగతులు తెలుస్తాయి.

దీవిలోనూ జమాఖర్చులే!

డేనియల్ డెఫో రాసిన 'రాబిన్సన్ క్రూసో' 1719లో వచ్చింది. ఓడ పగిలి నిర్మానుష్యమైన దీవికి కొట్టుకొచ్చిన క్రూసో అక్కడ 28 ఏళ్లు గడుపుతాడు. చుట్టూ సముద్రం, వెనక అడవి, అడిగే నాథుడు లేడు. ఇంతకన్నా స్వేచ్ఛ ఏం కావాలి? కానీ అతడు చేసిన మొదటి పనుల్లో ఒకటి... గుంజ పాతి రోజుకో గాటు పెట్టడం. అంటే క్యాలెండరు! ఆ తర్వాత కాగితం తీసుకుని తన పరిస్థితిలోని చెడును ఒకవైపు, మంచిని మరోవైపు వ్యాపారి చిట్టాలా రాసుకుంటాడు. ఇంటి చుట్టూ కంచె కడతాడు. ఎవరు వస్తారని?

ఓడలో దొరికిన డబ్బు సంగతి ఇంకా తమాషా. నువ్విక్కడ దేనికీ పనికిరావని ఆ నాణేలను ఎగతాళి చేస్తాడు. మళ్లీ ఆలోచించి మూటకట్టి తెచ్చుకుంటాడు! ఏళ్ల తరబడి మనిషి కోసం తపించినవాడు ఒకరోజు ఇసుకలో మనిషి పాదముద్ర చూసి వణికిపోతాడు. పరుగున వెళ్లి గూట్లో దాక్కుంటాడు. చివరికి ఓ మనిషి తోడు దొరికితే, అతడి పేరేమిటని అడగడు. తనే ఫ్రైడే అని పేరుపెట్టి, తనను 'యజమాని' అని పిలవమని నేర్పుతాడు.

క్రూసో ఊరిని వదిలేశాడు. ఊరు మాత్రం అతణ్ని వదల్లేదు. లెక్కలూ కంచెలూ యాజమాన్యం... అన్నీ బుర్రలో పెట్టుకునే ఒడ్డుకు చేరాడు. సెలవు పెట్టి కొండమీదికి వెళ్లి, అక్కడ సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి తిరిగేవాళ్లకు క్రూసో బాగా దగ్గరి చుట్టం.

మైదానం దాకా వచ్చిన ఊరు

చలం 'మైదానం' 1927 నాటిది. ప్లీడరు భార్య రాజేశ్వరి ఇల్లూ పరువూ కులం అన్నీ వదిలి, అమీర్ అనే యువకుడితో ఊరికి దూరంగా ఉన్న మైదానానికి వెళ్లిపోతుంది. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం లేని చోట, ఆరుబయట, ఎండావానల్లో బతుకుతుంది. అప్పటిదాకా ఒకరి భార్యగా మాత్రమే ఉన్న మనిషికి తనకంటూ ఒక ఒళ్లుందని, మనసుందని అక్కడే తెలుస్తుంది. దాదాపు వందేళ్ల కిందట ఓ తెలుగు నవలలో ఈ మాట రాయడానికి ఎంత తెగువ కావాలో ఊహించుకోవచ్చు.

కానీ ఆ సంతోషం అలాగే నిలిచిపోలేదు. కడుపులో పడిన బిడ్డ దగ్గర పేచీ వచ్చింది. అమీర్ మనసు మరో అమ్మాయి మీదికి మళ్లింది. ఆ తర్వాత మీరా అనే కుర్రాడు వచ్చాడు. ముగ్గురి మధ్యా అసూయ, 'నాది' అన్న పట్టుదల. చివరికి అమీర్ మరణం, రాజేశ్వరికి జైలు. గోడలూ తలుపులూ లేకపోయినా ఊళ్లో ఉన్న చిక్కులే అక్కడా తలెత్తాయి. ఎందుకంటే ఇద్దరు మనుషులున్న చోట ఓ చిన్న సంఘం అప్పుడే మొదలైనట్టు! అలాగని రాజేశ్వరి ప్రయాణం వృథా అనలేం. ఊళ్లోనే ఉండిపోతే ఆమెకు తానెవరో ఎన్నటికీ తెలిసేది కాదు. తెలిశాక చెల్లించాల్సిన ధర ఎంతో కూడా చలం దాచకుండా చెప్పారు. ఆయన కూడా 1950లో అన్నీ వదిలి అరుణాచలం వెళ్లారు. 1979లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు.

అడవి ఎవరినీ పట్టించుకోదు

ఇక మూడో మనిషికి ఇల్లు వదిలి తన్ను తాను వెతుక్కునే తీరిక లేదు. డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నవలలో పందులు మేపుకునే ముసలివాడు. కడుపుతో ఉన్న పంది సాయంత్రం మందతోపాటు తిరిగి రాలేదు. దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. నవలంతా ఆ ఒక్క రాత్రి సంగతే. ఈనిన పంది కనిపిస్తుంది. కానీ పిల్లల్ని కాచుకునే తల్లికి యజమాని అన్న జ్ఞానం ఉండదు. ఏ పందిని కాపాడాలని వెళ్లాడో దానితోనే పోరాడాల్సి వస్తుంది. అంతా ముగిసేసరికి అతడి చేతుల్లో ఏమీ మిగలదు.

నిజామాబాద్ జిల్లాలో కుష్ఠురోగులకు ఏళ్ల తరబడి వైద్యం చేసిన కేశవరెడ్డి (2015లో కన్నుమూశారు) అడవిని అందంగా చూపించాలని ప్రయత్నించలేదు. ఈ ముసలివాడు ఊళ్లో అందరికన్నా చివర ఉండే మనిషి. ప్రకృతి ఒడి, ప్రశాంతత లాంటి మాటలు అతడికి తెలియవు. అడవికి అతడి మీద ప్రేమా లేదు, పగా లేదు. ఊళ్లో అతణ్ని ఎంతకో ఒకంతకు తూచే కళ్లు ఉంటాయి. ఇక్కడ ఆ కళ్లు కూడా లేవు. ఉన్నదల్లా అతడి అనుభవం, ఓపిక, మొండితనం. ఓడిపోయినా, తన కొలత తనకు తెలిసిన రాత్రి అది. శీర్షికలో 'జయించాడు' అన్న మాటకు అర్థం బహుశా అదే.

వద్దనుకున్న ఉద్యోగం

క్రూసో అడవికి కంచె కట్టాడు. రాజేశ్వరి దాన్ని ఆశ్రయంగా చేసుకుంది. ముసలివాడు దానితో తలపడ్డాడు. నాలుగో మనిషి అడవిని ప్రేమించాడు. అందుకే అతడి కథ అన్నిటికన్నా కష్టమైంది. ఆ నవల బెంగాలీలో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన 'ఆరణ్యక్' (1939). సూరంపూడి సీతారాం 'వనవాసి' పేరుతో తెలుగు చేశారు. మన పాఠకుల్లో దాన్ని పదేపదే చదువుకునేవాళ్లు ఎందరో.

కథానాయకుడు సత్యచరణ్ చదువుకున్న నిరుద్యోగి. కలకత్తాలో మెస్సు బాకీ కూడా కట్టలేని స్థితి. చదువుకునే రోజుల్లోని స్నేహితుడొకడు తమ ఎస్టేటులో మేనేజరు ఉద్యోగం ఇప్పిస్తాడు. బిహార్‌లో భాగల్పూర్, పూర్ణియా వైపు వేల ఎకరాల అడవి. ఒకప్పుడు గంగ కోతకు పోయిన నేలలు మళ్లీ పైకి తేలి అడవిగా మారాయి. పాత రైతుల వారసులు తమ భూములు తమకిమ్మని తిరుగుతున్నారు. జమీందారుకు మాత్రం ఎక్కువ శిస్తు, నజరానా ఇచ్చే కొత్త రైతులు కావాలి. మేనేజరు చేయాల్సిన పని... అడవిని ముక్కలు చేసి కౌలుకివ్వడం!

మొదట్లో అతడికి అక్కడ ఊపిరాడలేదు. మాట్లాడదామంటే మనిషి లేడు. ఉన్నవాళ్ల భాష అర్థం కాదు. థియేటర్లు లేవు, లైబ్రరీలు లేవు, స్నేహితులు లేరు. పారిపోదామనుకుంటాడు. కచేరీలోని ముసలి గుమాస్తా ఒకాయన నవ్వి, కొన్నాళ్లు పోతే ఈ అడవి మిమ్మల్ని పట్టేసుకుంటుంది, తర్వాత మీకు పట్నం గోల నచ్చదు అంటాడు. సరిగ్గా అలాగే జరుగుతుంది.

ఎలా జరిగింది? ఇక్కడే బిభూతిభూషణ్ గొప్పతనం కనిపిస్తుంది. ఒక్క రోజులో జ్ఞానోదయం అయిపోదు. ముందు విసుగు, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలోకి మెల్లగా వెన్నెల రాత్రులు, గుర్రం మీద ఒంటరి ప్రయాణాలు, పేరు తెలియని పూల వాసనలు వచ్చి చేరతాయి. తన గురించి తాను ఆలోచించుకోవడం మానేసిన కొద్దీ అతడి కళ్లు తెరుచుకుంటాయి. రెండ్రోజుల విహారంలో మనకు దొరకనిది ఇదే. విసుగు పుట్టేలోపే మనం తిరుగు ప్రయాణం కట్టేస్తాం!

పూల పిచ్చోడు... పశువులు కాసే రాజు

కళ్లు తెరుచుకున్నాక అతడికి ముందుగా కనిపించింది చెట్లు, తర్వాత మనుషులు. యుగళప్రసాద్ అనే బీదవాడు ఎక్కడెక్కడి నుంచో పూల మొక్కలూ విత్తనాలూ తెచ్చి అడవిలోని 'సరస్వతీ కుండీ' అనే కొలను చుట్టూ నాటుతుంటాడు. ఆ నేల అతడిది కాదు, పూలు అమ్ముకోడు, ఎవరో మెచ్చుకుంటారనీ కాదు. అందంగా ఉంటుందని! ధాతురియా అనే కుర్రాడికి నాట్యమే ప్రాణం. కొత్త ఆట నేర్చుకోవడానికి ఎంత దూరమైనా నడిచిపోతాడు. ఆ పిల్లాడు చివరికి రైలు పట్టాల దగ్గర శవమై కనిపిస్తాడు. ఒకప్పుడు దర్జాగా బతికిన కుంత, భర్త పోయాక చలి రాత్రుల్లో కచేరీ దగ్గర నిలబడి మేనేజరు పళ్లెంలో మిగిలిన అన్నాన్ని పిల్లలకోసం పట్టుకెళ్తుంది. అక్కడి పేదలకు అన్నం పండగనాటి భోజనం. దానికోసం మైళ్లకు మైళ్లు నడిచొస్తారు.

దోబ్రూ పన్నా అనే ఆదివాసీ రాజు కూడా తారసపడతాడు. రాజ్యం ఎప్పుడో పోయింది. గుడిసెలో ఉంటాడు, పశువులు కాస్తాడు. అయినా పూర్వీకుల సమాధులున్న మర్రిచెట్టు కిందికి సత్యచరణ్‌ను తీసుకెళ్లినప్పుడు అతడి ముందు ఈ పట్నం బాబే చిన్నబోతాడు. గెలిచినవాళ్లు రాసుకున్న చరిత్రలో ఓడినవాళ్లకు చోటేదీ అని మొదటిసారి అనుమానం వస్తుంది. ఆ రాజు వంశంలోని అమ్మాయి భానుమతిని మాటల మధ్యలో భారతదేశం గురించి అడిగితే, అదెక్కడుందో ఆమెకు తెలియదు! తన ఊరూ, చుట్టుపక్కల కొండలూ... అంతవరకే ఆమె లోకం.

ఏకాంతంలో తనను తాను తెలుసుకోవడం అంటే మనం కళ్లు మూసుకుని కూర్చోవడం అనుకుంటాం. సత్యచరణ్ విషయంలో దానికి తిరగబడింది. తనలాంటివాళ్లు లేని చోట, ఇతరులను కళ్లు తెరిచి చూడటం వల్ల అతడు మనిషయ్యాడు. చదువు, పట్నవాసం, హోదా ఇవేవీ లేని మనుషుల ముందు అతడు పెట్టుకొచ్చిన ముసుగు దానంతటదే జారిపోయింది.

గొడ్డలి ఎవరి చేతిలో ఉంది?

కథ ఇక్కడే ఆగిపోతే అందమైన ప్రకృతి వర్ణనగా మిగిలేది. కానీ జీతం ఇచ్చేది అడవిని చూసి మురిసిపోమని కాదు కదా! పైనుంచి ఒత్తిడి. త్వరగా కౌలుకివ్వండి, ఆదాయం చూపించండి. సత్యచరణ్ వీలైనంత కాలం వాయిదా వేస్తాడు. సరస్వతీ కుండీనైనా మిగుల్చుకోవాలని చూస్తాడు. సాధ్యం కాదు. చెట్లు కూలతాయి, పొదలు తగలబడతాయి. యుగళప్రసాద్ నాటిన పూల చోటు కూడా పొలమైపోతుంది. వెన్నెల్లో తాను గుర్రం మీద తిరిగిన చోట్ల ఇరుకు గుడిసెలు, పెంటకుప్పలు లేస్తాయి.

మరి ఆ గుడిసెల్లోకి వచ్చినవాళ్లు దుర్మార్గులా? కానే కాదు. వాళ్లకూ తిండి గింజలు కావాలి. నజరానా అడగకుండా కుంతకు ఇచ్చిన కాస్త భూమీ ఆ అడవిలోదే! అడవి నిలవాలా, కుంత పిల్లలు తినాలా? బిభూతిభూషణ్ ఈ ప్రశ్నకు తేలికైన జవాబు ఇవ్వలేదు. మనవాళ్లు ఇవాళ్టికీ ఇవ్వలేకపోతున్నారు.

ఊరికి దూరంగా వెళ్లిన సత్యచరణ్‌కు దొరికిన 'అసలు తాను' ఇదీ... అడవిని అందరికన్నా ఎక్కువగా ప్రేమించినవాడు, దాన్ని తన చేత్తోనే నరికించినవాడు. ఇద్దరూ ఒకడే! నవల మొదట్లోనే ఈ మాట ఒప్పుకుంటాడు. ఏళ్లు గడిచాక కలకత్తాలో ఓ సాయంత్రం మైదానంలో కూర్చుని ఉండగా ఆ అడవి గుర్తొస్తుంది. తన చేతులతో నాశనమైంది కాబట్టి వనదేవతలు క్షమించరని, చెప్పుకుంటే బరువు తగ్గుతుందని కథ మొదలుపెడతాడు. వెళ్లేముందు భానుమతిని పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోతే అన్న ఊహ కూడా వస్తుంది. కానీ ఉండిపోడు. బండెక్కుతాడు. అంత ప్రేమించినవాడు ఎందుకు ఉండలేదని పాఠకుడికి కోపం వస్తుంది. కాసేపటికి, 'నేనైతే ఉండేవాణ్నా?' అన్న ప్రశ్న మొదలవుతుంది. నవల మనల్ని పట్టుకునేది అక్కడే.

రాసింది చూసినవాడే

ఇదంతా కల్పన కాదు. బిభూతిభూషణ్ (1894-1950) 1920ల్లో భాగల్పూర్ ప్రాంతంలోని ఓ ఎస్టేటులో అసిస్టెంటు మేనేజరుగా పనిచేశారు. గుర్రమెక్కి ఆ అడవులన్నీ తిరిగారు. తర్వాత సత్యజిత్ రాయ్ 1955లో సినిమాగా తీసిన 'పథేర్ పాంచాలీ'ని ఆయన ఆ భాగల్పూర్ రోజుల్లోనే రాశారు. అడవి మధ్య కూర్చుని బెంగాల్ పల్లెను రాసిన ఆయన, ఆ అడవి కథను మాత్రం దాన్ని వదిలి వచ్చాక ఏళ్లకు రాశారు. దగ్గరున్నప్పుడు దాని విలువ తెలియలేదని కాదు. అడవి గురించి రాయాలని అక్కడున్నప్పుడే డైరీలో రాసుకున్నారు. కానీ పోగొట్టుకున్న తర్వాతే కొన్ని కథలు పూర్తవుతాయేమో!

పర్యావరణం అన్న మాట ఇళ్లలో వినిపించని రోజుల్లో వచ్చిన పుస్తకమిది. అభివృద్ధికి వ్యతిరేకంగా ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వదు. ఓ మంచి మనిషి, తన ఉద్యోగ ధర్మం తాను సక్రమంగా చేస్తే ఏమవుతుందో చూపిస్తుంది. అంతే!

తిరిగొచ్చాక...

క్రూసో ఇంగ్లండు తిరిగివెళ్లాడు. ముసలివాడు ఊరి దారి పట్టాడు. రాజేశ్వరిని ఊరు పట్టుకొచ్చి జైల్లో పెట్టింది. సత్యచరణ్ కలకత్తా చేరాడు. నలుగురిలో ఎవరూ అక్కడే ఉండిపోలేదు. బహుశా తనను తాను తెలుసుకోవడానికి దూరం వెళ్లాలేమో కానీ, తెలుసుకున్నది నిజమో కాదో తేలేది మాత్రం తిరిగొచ్చాకే. దానికి 'వనవాసి'లోనే ఓ చిన్న సంఘటన ఉంది.

దోబ్రూ పన్నా మనుషుల నమ్మకం ప్రకారం అడవి దున్నలకు టాడ్‌బారో అనే దేవుడున్నాడు. దున్నల్ని పట్టడానికి వేటగాళ్లు గొయ్యి తవ్వితే, ఆ దేవుడు చీకట్లో గోతి పక్కన నిలబడి చెయ్యి అడ్డంపెట్టి మందను ఆపుతాడట. విన్నప్పుడు సత్యచరణ్‌కు అదో వింత కథ. చాలా ఏళ్ల తర్వాత కలకత్తా వీధిలో బరువు లాగలేక ఆగిపోయిన దున్నను బండివాడు కొరడాతో చావబాదుతుంటే చూస్తాడు. వీధిలో అందరూ ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. అతడికొక్కడికే టాడ్‌బారో గుర్తొస్తాడు. ఆ దేవుడు ఇక్కడ లేడే అని మనసు విలవిల్లాడుతుంది.

అడవి పోయింది. కొలను పోయింది. ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది. అతడు అక్కడి నుంచి తెచ్చుకున్నదల్లా ఆ నొప్పి ఒక్కటే. వచ్చే సెలవుల్లో మీరు కొండకో కోనకో వెళ్తుంటే సంచిలో ఈ పుస్తకం ఓ ప్రతి పెట్టుకోండి. తిరిగొచ్చాక ఫోన్లో ఎన్ని ఫొటోలున్నాయో తర్వాత చూసుకోవచ్చు. వీధి చివర బరువు లాగుతున్న ప్రాణి ఏదైనా ఇదివరకటి కన్నా కాస్త స్పష్టంగా కనిపిస్తోందా అన్నది ముందు చూసుకోండి!